సంతకు జాగా ఏది?

తెలుగు పట్టణాల్లో ఆరుబయటి సంతలు తరిగిపోతున్నాయన్న మాట కొత్తది కాదు. సూపర్ మార్కెట్లు మింగేశాయని కొందరంటారు. మోటారు బళ్లు తరిమేశాయని కొందరు, ఎండలో నిలబడి బేరమాడే ఓపిక ఈ తరానికి లేదని మరికొందరు. అన్నిటిలోనూ కొంత నిజం ఉంది గానీ, ఒక చిక్కు మాత్రం విడిపోదు. నడిబొడ్డున పాత సంత పలచబడిన ఊళ్లోనే శివారు కాలనీల రోడ్ల మీద కొత్త సంతలు పుట్టుకొస్తున్నాయి. హైదరాబాద్ చుట్టూ ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కో కాలనీలో వారానికో సాయంత్రం రోడ్డుకు రెండు వైపులా పట్టాలు పరుస్తారు. బ్యాటరీ దీపాల వెలుగులో కూరగాయలు, ఉల్లిగడ్డలు, ప్లాస్టిక్ డబ్బాలు, పిల్లల బట్టలు రాత్రి దాకా అమ్ముడవుతూనే ఉంటాయి. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లే సంచులు పట్టుకుని నడిచొస్తారు.

కొనేవాళ్లున్నారు, అమ్మేవాళ్లున్నారు. మరి తరిగిందేమిటి? చరిత్రనూ కారణాలనూ ప్రభుత్వాలు చేసిన చికిత్సలనూ వరసగా చూస్తే జవాబు ఒకటే తేలుతుంది. ఊరు ఒప్పుకుని ఇచ్చిన జాగా తరిగిపోయింది. పాత సంతకు ఊళ్లో హక్కు ఉండేది. కొత్త సంత ట్రాఫిక్ పోలీసు దయ మీదా, కాలనీ సంఘం సహనం మీదా నడుస్తోంది.

వారం తిరిగే బజారు

సంత వారానికి ఒక్కరోజే ఎందుకు జరుగుతుంది? చుట్టుపక్కల జనం కొనే సరుకు ఒక దుకాణాన్ని ఏడు రోజులూ పోషించదు గనక. దుకాణం ఒకచోట కూర్చుంటే గిట్టదు, అందుకని దుకాణమే తిరుగుతుంది. సోమవారం ఒక ఊరు, మంగళవారం ఇంకో ఊరు, వారం తిరిగేసరికి మళ్లీ మొదటి ఊరు. పక్కపక్క ఊళ్ల సంతలు ఒకే రోజున పడకపోవడం వెనక ఉన్న లెక్క ఇదే. అరకులో శుక్రవారం, పెబ్బేరులో శనివారం, దేవరకద్రలో బుధవారం. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌కు గురువారమే పేరైంది. సంతబొమ్మాళి, సంతకవిటి, సంతనూతలపాడు, సంతమాగులూరు లాంటి చోట్ల ఊరి పేరులోనే సంత ఉంది.

ఆర్థిక భూగోళశాస్త్రం దీనికి ఒక సూత్రం చెబుతుంది. ఊరు పెరిగి కొనుగోళ్లు పెరిగితే వారపు సంత వారానికి రెండు రోజులవుతుంది, ఆ తర్వాత రోజువారీ బజారవుతుంది. విశాఖ పూర్ణా మార్కెట్, విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్, సికింద్రాబాద్ మోండా మార్కెట్ లాంటి చోట్ల రోజూ సాగే వ్యాపారం ఆ పై మెట్టుది. కాబట్టి వారపు సంత కనబడకపోయినంత మాత్రాన అది ఓడిపోయిందనలేం. ఎదిగి రూపు మార్చుకుని ఉండొచ్చు. ఫలానా సంత పోయిందని ఎవరైనా అంటే మొదట అడగాల్సింది, అది ఎదిగి పోయిందా, ఎత్తేస్తే పోయిందా అని. రెండిటినీ ఒకే గాటన కట్టబట్టే ఈ చర్చ చాలాసార్లు నిట్టూర్పులతో ముగుస్తోంది.

సుంకం కట్టిన హక్కు

సంతకూ పాలకుడికీ మధ్య ఒప్పందం చాలా పాతది. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి శాసనం సముద్ర వర్తకులకు అభయమిస్తూనే ఏ సరుకుకు ఎంత సుంకమో తేల్చి చెప్పింది. ఓరుగల్లు ఖాన్ సాహెబ్ తోట శాసనంలోనూ సంత సరుకుల మీద సుంకాల ప్రస్తావన ఉంది. ఆ నగర వీధుల సందడిని ‘క్రీడాభిరామం’ ఒక పగటి షికారుగా చూపిస్తే, అలాంటి కావ్యాలను తవ్వి సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో జనం బతుకును రాశారు. సుంకం భారమే. కానీ సుంకం పుచ్చుకున్నవాడు అమ్మేవాడికి చోటిచ్చి, కాపు కాయాల్సి వచ్చేది.

ఆ ఒప్పందమే నిజాం ఇలాకాలో తైబజారుగా, కోస్తా పట్టణాల్లో ఆశీలుగా సాగింది. పంచాయతీయో మున్సిపాలిటీయో ఏడాదికోసారి వేలం వేస్తుంది. పాటదారు మనుషులు సంతరోజున గంపకింత, బండికింత వసూలు చేసుకుంటారు. ఈ పద్ధతిలో దోపిడీ తక్కువేమీ కాదు. బోర్డు మీద రాసిన రేటు ఒకటి, వసూలు చేసేది మరొకటి. అయినా రసీదు చేతిలో ఉన్న మనిషిని ఆ పూటకు ‘ఇక్కణ్ణుంచి లే’ అనే అధికారం ఎవరికీ ఉండేది కాదు. సంత ఊరికి ఆదాయం. దాన్ని కాపాడుకోవడం ఊరికీ అవసరమే.

ఈ ఒప్పందం రెండు దశల్లో సడలింది. మొదటిది యార్డులు రావడం. నిజాం రాజ్యంలో 1930 నాటి మార్కెట్ల చట్టం, మద్రాసు ప్రెసిడెన్సీలో 1933 నాటి వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966 నాటి చట్టం టోకు వ్యాపారాన్ని వీధిలోంచి ప్రహరీ లోపలికి తెచ్చాయి. తూకంలో, ధరలో రైతుకు జరిగే మోసాన్ని ఆపడం వాటి ఉద్దేశం, అది అవసరమే. కానీ ధాన్యం, పత్తి, మిర్చి, పసుపు యార్డుకు వెళ్లాక పట్టణ సంతలో చిల్లర వ్యాపారమే మిగిలింది. పెద్ద సరుకుతో పాటు పెద్ద మనుషులూ అటు వెళ్లారు. సంత తరఫున మాట్లాడే గట్టి గొంతు అక్కడ తగ్గిపోయింది. రెండోది, పట్టణం నడిబొడ్డున జాగా ధర పెరగడం. ఏడాదికి వేలంలో వచ్చే డబ్బు కన్నా అదే స్థలంలో కట్టే కాంప్లెక్స్ అద్దె ఎక్కువని మున్సిపాలిటీకి తెలిసిన రోజున, సంత ఊరికి ఆదాయం కాస్తా అడ్డంకి అయింది.

మూడు సరుకులు, మూడు కథలు

సంతంతా ఒకే తీరున తగ్గలేదు. సరుకును బట్టి కథ మారుతుంది.

పశువుల సంత తగ్గడానికి ముఖ్య కారణం ట్రాక్టరు. దుక్కిటెద్దుతో పని తగ్గాక కొనేవాడు తగ్గాడు. పాడి గేదెల బేరం చాలావరకు ఇళ్ల దగ్గరే దళారుల ద్వారా, ఇప్పుడు ఫోన్లో ఫోటోలు చూసుకుని కూడా సాగుతోంది. దీనికి తోడు పశువుల మార్కెట్లపై కేంద్రం 2017 మే 23న తెచ్చిన నిబంధనలు వ్యాపారుల్లో భయం పుట్టించాయి. సుప్రీంకోర్టు ఆ జూలైలోనే వాటి అమలును దేశమంతటా నిలిపేసినా, రవాణాలో వేధింపుల భయం పోలేదు. గొర్రెలు, మేకల సంతలు మాత్రం మాంసం గిరాకీ వల్ల బలంగానే ఉన్నాయి.

చేతివృత్తుల సరుకుది ఇంకో కథ. కుండలు, చేటలు, తట్టలు, గొంగళ్లు, కొడవళ్లు, పలుపుతాళ్లు ఒకప్పుడు సంతకు వెన్నెముక. ప్లాస్టిక్కు, స్టీలు, మిల్లు బట్ట వీటిని సంతలోనే, పక్క పట్టా మీద కూర్చునే ఓడించాయి. ఎండాకాలం మట్టికుండలు, పండుగ పూట ప్రమిదలు ఇంకా అమ్ముడవుతాయి గానీ, ఏడాది పొడుగునా కుమ్మరి కుటుంబాన్ని పోషించే సంత లేదు. జాగా ఇచ్చినంత మాత్రాన ఈ వ్యాపారం తిరిగి రాదు. ఇది ఒప్పుకోవడం మంచిది.

మూడోది తిండి సరుకు. కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, చేపలు, ఎండుచేపలు, మిరపకాయలు, చింతపండు, పూలు. వీటికి గిరాకీ తగ్గలేదు. పట్టణ జనాభాతో పాటు పెరిగింది. 2011 జనగణన నాటికే తెలంగాణలో 38.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.5 శాతం జనం పట్టణాల్లో ఉన్నారు. అయినా పాత చోట్లలో సంత కుంచించుకుపోతోందంటే కారణం సరుకులో లేదు. మనం నిజంగా వాదించుకోవాల్సిన క్షీణత ఈ మూడోదే.

ఏ కారణం ఎంత బరువు?

అందరి వేలూ ముందు సూపర్ మార్కెట్ వైపే వెళుతుంది. 1996లో చెన్నైలో ఫుడ్‌వరల్డ్, 2006లో హైదరాబాద్‌లో తొలి రిలయన్స్ ఫ్రెష్ తెరుచుకున్నప్పుడు వీధి వ్యాపారం ముగిసినట్టేనని చాలామంది భావించారు. రెండు దశాబ్దాలు గడిచాక చూస్తే, ఏసీ దుకాణాలు నెలసరి పచారీ సరుకును బాగా లాక్కున్నాయి. తాజా కూరను అంతగా లాక్కోలేకపోయాయి. తోటకూర కట్టకు పొద్దున ఉన్న విలువ సాయంత్రానికి ఉండదు. అలాంటి సరుకును తక్కువ ఖర్చుతో తిప్పడంలో గంప పట్టుకున్న మనిషిని మించిన యంత్రాంగం ఇంకా రాలేదు. పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే జెప్టో, బ్లింకిట్, ఇన్‌స్టామార్ట్‌లు నగరాల్లో ఇప్పుడు ఆ పనీ చేయబూనుతున్నాయి. వాటి ప్రభావం హైదరాబాద్‌లో ఒకలా ఉంటే, జడ్చర్లలోనో తణుకులోనో ఇంకోలా ఉంటుంది.

ఫ్రిజ్ సంగతి ఇంకా తమాషా. ఫ్రిజ్ వచ్చాక సంత పోతుందన్నారు. ఉద్యోగం చేసే ఇల్లాలికి వారానికి సరిపడా కూరలు ఒకేసారి కొనే వీలు కల్పించింది ఫ్రిజ్జే. రోజువారీ బజారును అది దెబ్బ కొట్టి ఉండొచ్చు గానీ, కాలనీల్లో వారపు సంతకు మాత్రం ప్రాణం పోసింది. 2016లో వచ్చిన యూపీఐ కూడా ఇలాగే వ్యాపారికి చిల్లర బాధ తగ్గించింది. కొత్త సాంకేతికత అంతా సంతకు శత్రువేనన్న లెక్క నిలవదు.

సరుకు వచ్చే దారి మారడం మరో కారణం. ఒకప్పుడు పట్టణ సంతలో చుట్టూ పది పదిహేను కిలోమీటర్ల రైతులు, రైతు కుటుంబాల ఆడవాళ్లు స్వయంగా అమ్మేవాళ్లు. ఇప్పుడు మదనపల్లె టమాటా, కర్నూలు ఉల్లి లారీల మీద ఊరూరికీ చేరతాయి. అమ్మే మనిషి తెల్లవారుజామున హోల్‌సేల్ మార్కెట్‌లో కొని తెచ్చుకున్న మారుబేరగాడు. సంతలో ధర చవక అన్న పాత నమ్మకం దీనితో కొంత సడలింది. కొనే మనిషికి అదే టమాటా గేటు ముందుకు వచ్చే ఆటోలోనూ దొరుకుతుంది. సంతలో కూర్చునే చోటు పోయినవాళ్లలో కొందరు ఆ ఆటో నడుపుతున్నారు.

వీటన్నిటికన్నా బరువైనది జాగా. సంత మైదానంలో ఒక మూల బస్టాండ్ వచ్చింది, ఇంకో మూల ఆఫీసు, ముందు వైపు షాపింగ్ కాంప్లెక్స్. మిగిలింది రోడ్డు. రోడ్డు మీదికి కార్లు, బైకులు వచ్చాయి, వెడల్పు చేశారు. పార్కింగ్ అవసరం, ఫుట్‌పాత్ అవసరం అన్నారు. అవసరాలన్నీ నిజమే. వరసలో అందరికన్నా వెనక నిలబెట్టింది మాత్రం సంతనే. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2022లో మొదలుపెట్టిన ‘ఆపరేషన్ రోప్’ లాంటి కార్యక్రమాల్లో అడ్డదిడ్డంగా నిలిపిన కారూ, ఫుట్‌పాత్ మీద కూర్చున్న కూరగాయల గంపా ఒకే జాబితాలో ఆక్రమణలయ్యాయి. కారుకు చలానా పడుతుంది, గంపకు జీవనం పోతుంది.

పెద్ద మార్కెట్లది కూడా ఊరి చివరి దారే. హైదరాబాద్‌లో 1930ల్లో కట్టిన మొజంజాహీ మార్కెట్ నుంచి పండ్ల వ్యాపారం 1980ల్లో గడ్డిఅన్నారానికి వెళ్లింది. ఆ స్థలం ఆసుపత్రికి కావాల్సి వచ్చి 2021, 22 నాటికి ఔటర్ రింగ్ రోడ్డు దాపున బాటసింగారానికి మారింది. జాంబాగ్ పూల మార్కెట్ గుడిమల్కాపూర్‌కు చేరింది. మొజంజాహీ రాతి కట్టడాన్ని చక్కగా బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు, సంతోషమే. కానీ కట్టడానికి దొరికిన గౌరవం దానిలో సాగిన వ్యాపారానికి దొరకలేదు. లారీలు నగరం మధ్యకు రాకపోవడం మంచిదే. అయితే హోల్‌సేల్ మార్కెట్ ఎంత దూరం జరిగితే, గంపెడు సరుకు కొనుక్కునే మనిషికి ఆటో ఖర్చు అంత పెరుగుతుంది. పెద్ద వ్యాపారికి అది లెక్కలోకి రాదు, చిన్న మనిషికి ఆ రోజు లాభమంతా అదే.

ఇక 2020 మార్చిలో లాక్‌డౌన్. కిక్కిరిసిన మార్కెట్లను ఆటస్థలాల్లోకి, బస్టాండ్లలోకి, కాలేజీ మైదానాల్లోకి చెదరగొట్టారు. కొన్ని నెలల పాటు అధికారులే ఊళ్లలో ఖాళీ స్థలాలు వెతికి, సున్నంతో గళ్లు గీసి, అమ్మేవాళ్లను దూరదూరంగా కూర్చోబెట్టారు. స్థలమే లేదన్న వాదన ఎంత బలహీనమో ఆ నెలల్లో తేలిపోయింది. అవసరం వచ్చినప్పుడు ప్రతి పట్టణంలోనూ మైదానం దొరికింది.

ప్రభుత్వాల చికిత్స

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు ఈ విషయంలో జరిగిన పెద్ద ప్రయత్నం. పంజాబ్‌లో 1987లో వచ్చిన అప్నీ మండీ దీనికి ముందుది. 1999లోనే తమిళనాడు ఉళవర్ సందైలు తెరిచింది. దళారి లేకుండా రైతు నేరుగా అమ్ముకోవాలి, గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకే చోటు, రోజు ధరలు బోర్డు మీద రాయాలి, టోకు ధర కన్నా రైతుకు కాస్త ఎక్కువ, చిల్లర ధర కన్నా కొనేవాడికి కాస్త తక్కువ. ఆలోచన సూటిగా ఉంది, జనం ఆదరించారు. పాతికేళ్ల తర్వాత కూడా మెహిదీపట్నంలో పొద్దున్నే కనిపించే రద్దీ దానికి సాక్ష్యం. లోపాలూ అంతే పాతవి. రైతు కార్డుతో వ్యాపారి అమ్మే బినామీ బెడద, నాణ్యమైన సరుకు బయటికి పోవడం, పెరిగిన జనాభాకు తగినన్ని బజార్లు తెరవకపోవడం. అసలు చిక్కు ఇంకొకటి ఉంది. రైతు బజారు రైతును గుర్తించింది. తరతరాలుగా సంతలో కొని అమ్ముతూ బతికే చిరు వ్యాపారికి అక్కడ చోటు లేదు.

రెండో చికిత్స భవనాలు. తెలంగాణ పట్టణాల్లో శాకాహార, మాంసాహార సమీకృత మార్కెట్లు కట్టాలని ప్రభుత్వం తలపెట్టింది. సిద్దిపేట, గజ్వేల్ లాంటి చోట్ల ఒకే కప్పు కింద శుభ్రంగా, నీళ్లు, కరెంటు, మరుగుదొడ్లతో ఏర్పడ్డాయి. మాంసం, చేపల అమ్మకానికి ఇవి నిజంగా మేలు. కానీ ఆకుకూరల గంపకు నాలుగు గోడల మధ్య స్టాలు అంతగా అచ్చిరాదు. సంతలో బేరం నడిచే మనిషి చూపు మీద ఆధారపడుతుంది. దారిన పోతూ చూసి ఆగి కొంటారు. మెట్లెక్కి, మలుపు తిరిగి వచ్చి కొనేవాళ్లు తక్కువ. పై అంతస్తు, వెనక వరస స్టాళ్లు దక్కిన వాళ్లు కొన్నాళ్లకు మళ్లీ గేటు బయట రోడ్డు మీదే కూర్చోవడం అనేక పట్టణాల్లో చూస్తున్నదే. దాన్ని క్రమశిక్షణ లేకపోవడమనుకుంటే పొరపాటు. ఆ వ్యాపారం లెక్క అలాంటిది. ఆంధ్రప్రదేశ్‌లో నెల్లూరు మైపాడు గేటు దగ్గర కంటైనర్లతో ఏర్పాటు చేసిన స్మార్ట్ స్ట్రీట్ బజారు వీధిని వీధిగానే ఉంచే ఆలోచన కాబట్టి కాస్త మెరుగు. అయితే కంటైనర్ చిన్న దుకాణానికి సరిపోతుంది, వారానికోసారి పొలం నుంచి వచ్చే గంపకు సరిపోదు.

మూడో చికిత్స అప్పు. 2020 జూన్‌లో కేంద్రం తెచ్చిన పీఎం స్వనిధి మొదట రూ.10 వేలు, తీర్చాక రూ.20 వేలు, ఆ తర్వాత రూ.50 వేలు ఇచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ‘జగనన్న తోడు’ కింద వడ్డీ లేని రూ.10 వేలు ఇచ్చింది. పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెట్టి సాయంత్రానికి వెయ్యి వసూలు చేసే గిరిగిరి వ్యాపారుల నుంచి ఇది కొంత ఊరట. కానీ రేపు ఎక్కడ కూర్చోవాలో తెలియని మనిషికి పెట్టుబడి ఇస్తే ఆ పెట్టుబడి ఎక్కడ తిరుగుతుంది? జాగా ఇచ్చి అప్పివ్వాల్సింది. అప్పిచ్చి జాగాను మరిచారు.

చట్టం ఏం చెబుతోంది

ఈ దేశంలో వీధి వ్యాపారికి చట్టం లేక కాదు. సోదన్ సింగ్ కేసులో 1989లో సుప్రీంకోర్టు, సహేతుకమైన ఆంక్షలకు లోబడి వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం ఇచ్చిన హక్కులో భాగమేనని చెప్పింది. 2004లో జాతీయ విధానం వచ్చింది. చివరికి 2014లో పార్లమెంటు వీధి విక్రయదారుల జీవనోపాధి రక్షణ, వీధి విక్రయాల క్రమబద్ధీకరణ చట్టం చేసింది. అది ఆ ఏడాది మే 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఆ చట్టం చదివితే పట్టణ సంతకు కావాల్సిందంతా అందులో కనిపిస్తుంది. ప్రతి పట్టణంలో విక్రయ కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులు, వాళ్లలో మూడో వంతు మహిళలు. అయిదేళ్లకోసారి సర్వే జరగాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు చోటు కల్పించాలి. అంటే లక్ష జనాభా ఉన్న పట్టణంలో 2,500 మందికి. తరలింపు తప్పనిసరైతే 30 రోజుల ముందు నోటీసు. పట్టుకెళ్లిన సరుకు పాడైపోయేదైతే అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాలి. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు అలవాటుగా కూడే చోటును సహజ మార్కెట్‌గా గుర్తించాలి. యాభై ఏళ్లకు పైగా నడిచిన సహజ మార్కెట్‌ను వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, అక్కడివాళ్లను తరలించకూడదు.

ఈ చివరి మాట ఒక్కటి అమలైతే మన పట్టణాల్లో పాత సంతల్లో చాలావాటికి చట్టమే కాపలా. అమలు మాత్రం ఎక్కువగా గుర్తింపు కార్డుల దగ్గర, బోర్డుల దగ్గర ఆగింది. గ్రేటర్ హైదరాబాద్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లు ప్రకటించారు. గీత ఎక్కడ గీశారన్నదే చిక్కంతా. జనం నడవని వీధిలో ఆకుపచ్చ బోర్డు పెట్టి, జనం కూడే కూడలికి ఎరుపు పెడితే అది తొలగింపుకు మర్యాదైన పేరు. స్వనిధి అప్పుల కోసం వ్యాపారులను వేల సంఖ్యలో నమోదు చేయగలిగిన యంత్రాంగానికి, ఆ జాబితా పట్టుకుని వాళ్లెక్కడ కూర్చుంటారో పటం గీయడం చేతకాని పనేమీ కాదు. పటం గీస్తే జాగా ఇవ్వాల్సి వస్తుంది. అక్కడే ఆగుతోంది.

పోతే పోయేదేమిటి

సంతను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునే రచనలకు కొదవ లేదు. అందులో వాస్తవం ఎంతో చూడాలి. పాత సంతలో కులం కూర్చునే చోటును కూడా నిర్ణయించేది. తూకపు రాళ్లలో మోసం ఉండేది. రోజంతా కూర్చునే ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండేది కాదు, చాలాచోట్ల ఇప్పటికీ లేదు. మధ్యాహ్నం నీళ్లు తాగడానికి కూడా భయపడే వ్యాపారాన్ని అందమైన జ్ఞాపకమని పిలవడం అన్యాయం. మామూళ్లు, చెత్త, ట్రాఫిక్ జామ్‌లు నిజమైన సమస్యలు. అంబులెన్స్ ఇరుక్కున్న వీధిలో ఉండేవాళ్ల కోపం అర్థం చేసుకోదగినదే.

అయినా సంత చేసే పనుల్లో రెండింటిని ఇంకేదీ చేయలేదు. ఒకటి, దాని ధర పొద్దుతో పాటు దిగుతుంది. ఉదయం మేలిరకం ఏరుకునేవాళ్లు ఎక్కువ ధర పెడతారు. సాయంత్రం కుప్ప లెక్కన, గుత్తగా బేరం తెగుతుంది. కూలి డబ్బు సాయంత్రం చేతికొచ్చే ఇల్లు ఆ వేళకే వచ్చి అదే కూర సగం ధరకు, పైన కొసరు వేయించుకుని పట్టుకెళుతుంది. సరుకు చెత్తకుప్పలోకి పోకుండా పేదింటి పొయ్యి మీదికి చేరే ఏర్పాటు ఇది. బార్‌కోడ్ వేసిన దుకాణంలో మిగిలిన సరుకులో చాలాభాగం వ్యర్థమవుతుంది.

రెండు, కోల్డ్ స్టోరేజీకి అందని తిండి సంతకే వస్తుంది. చింతచిగురు, గంగవాయిలి కూర, పొన్నగంటి, ఆగాకర, తాటిముంజలు, ఈతపండ్లు, సీమచింత, తొలకరికి పుట్టే పుట్టగొడుగులు. రెండు వారాలు దొరికి మాయమయ్యే సరుకును ఏ కంపెనీ కొనుగోలు జాబితాలోనూ రాసుకోదు. ఏరుకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు, భూమి లేనివాళ్లు, గిరిజనులు. ఒక గంప, ఒక గోనెపట్టా పెట్టుబడిగా వ్యాపారంలోకి రాగలిగే తలుపు పట్టణంలో సంత ఒక్కటే. అది మూసుకుంటే ఆ సరుకూ, ఆ మనుషులూ ఒకేసారి బజారులోంచి తప్పుకుంటారు.

పొరుగు అనుభవాలు

జాగా ఇవ్వడం సాధ్యమా అంటే ఇచ్చిన ఊళ్లున్నాయి. పొరుగున భువనేశ్వర్ వ్యాపారుల సంఘాలతో కలిసి కూర్చుని యాభైకి పైగా విక్రయ జోన్లు ఏర్పాటు చేసింది. చాలావరకు వాళ్లు అప్పటికే కూర్చుంటున్న రోడ్ల పక్కనే వరసలు తీర్చింది. ఇంఫాల్‌లో ఆడవాళ్లే నడిపే ఇమా కైథేల్‌కు నగరం మధ్యలో పెద్ద భవనాలు కట్టారు గానీ, ఆ తల్లుల చోటు మాత్రం మారలేదు. అహ్మదాబాద్ మాణెక్ చౌక్ కూరగాయల మహిళలు ‘సేవ’ సంఘంతో కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్లి తమ చోటు కోసం పోరాడారు. సింగపూర్ వీధి తినుబండారాల వాళ్లను హాకర్ సెంటర్లలోకి తరలించినప్పుడు వాటిని జనం ఉండే గృహ సముదాయాల మధ్యే కట్టింది. ఆ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

తరలింపు దెబ్బ తెలుగువాళ్లకు చెన్నైలో తెలుసు. జార్జిటౌన్‌లో ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరి దేవస్థానానికి చెందిన కొత్వాల్ చావడి మార్కెట్ నుంచి టోకు కూరగాయల వ్యాపారాన్ని 1996లో కోయంబేడుకు మార్చారు. ఇరుకు తగ్గింది, వ్యాపారం పెరిగింది. అదే సమయంలో నగరపు కూరంతా ఒకే ప్రాంగణం మీద ఆధారపడింది. 2020 మేలో అక్కడ కోవిడ్ ప్రబలినప్పుడు ఆ సెగ సరుకు లారీల దారి వెంబడి చిత్తూరు, నెల్లూరు జిల్లాలకూ తగిలింది. ఒక పెద్ద మార్కెట్ కన్నా పది చిన్న సంతలు ఊరికి క్షేమమని అప్పుడు అర్థమైంది.

తేలేదేమిటి

సంత క్షీణత అనే మాట కింద మూడు వేరువేరు మార్పులు దాగి ఉన్నాయి. ఎడ్ల సంత, కుండల వరస కాలంతో పోయాయి. వాటిని ప్రదర్శనగా నిలబెట్టొచ్చు గానీ వ్యాపారంగా వెనక్కి తేలేం. కొన్ని వారపు సంతలు రోజువారీ బజార్లయ్యాయి. అది ఎదుగుదల. మూడోది, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఉండగానే తిండి సంతను చోటు లేకుండా చేయడం. ఇది ప్రకృతి నియమం కాదు, మున్సిపల్ నిర్ణయం. నిర్ణయం కాబట్టే మార్చుకోవచ్చు.

మార్చడానికి పెద్ద భవనాలు అక్కర్లేదు. పట్టణ మాస్టర్ ప్లాన్‌లో బడికీ పార్కుకూ స్థలం చూపించినట్టే సంతకూ చూపించాలి. కొత్త లేఅవుట్‌కు అనుమతిచ్చేటప్పుడు వారానికో సాయంత్రం సంతకు వదిలే వీధి ఏదో ముందే రాయాలి. చదునైన నేల, నీళ్ల కుళాయి, దీపాలు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, రాత్రికి చెత్త బండి ఉంటే సంతకు చాలు. ఆశీలు ఉంటే బోర్డు మీది రేటుకే రసీదు ఇవ్వాలి, ఆ రసీదుకు చోటు మీద హక్కు ఉండాలి. అన్నిటికన్నా ముందు, యాభై ఏళ్లు దాటిన సంతలను చట్టం చెప్పినట్టు వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి. ఖర్చు తక్కువ, చట్టం చేతిలో ఉంది, విక్రయ కమిటీని కూర్చోబెట్టే అధికారం కమిషనర్‌దే. మన పట్టణంలో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో వార్డు కౌన్సిలర్‌ను అడగడంతో ఈ పని మొదలుపెట్టొచ్చు.